అంచు మీద అక్షరాలు

పర్వత్ పాటియా, సూరత్
8-9-2024, ఆదివారం

అక్క కనకవ్వకు తమ్ముడు లక్ష్మీరాజం దండం పెట్టి రాయునది.

మేము ఇక్కడ మంచిగ ఉన్నం. నీ మోకాళ్ల నొప్పి జర తగ్గిందని బావ సోమలింగం నిన్న వినాయకుని పందిట్ల మా కోడలు నీరజతోని చెప్పిండట. సంతోషం. కామ్‌రేజ్ నుంచి ఇక్కడికి బస్సుల గంట పడుతది. అయినా మూడేండ్ల సంది నువ్వు నా గడప తొక్కవు, నన్ను నీ గడప తొక్కనియ్యవు. ఫోన్ చేద్దామంటే నా చెవుల సంగతి నీకు తెలిసిందే. ఖటోదరాల ముప్పై నాలుగేండ్లు లూముల నడుమ నిలబడ్డ చెవులు ఇవి. ఫోన్ పెట్టుకుంటే మనిషి మాట వినబడదు, లూమే వినబడుతది. అందుకని ఉత్తరం రాస్తున్న.

అసలు సంగతికి వస్త. వచ్చే జనవరి నాలుగున సూరత్‌ల నాణేల మేళా ఉన్నది. నాకు కూడ ఒక టేబుల్ ఇచ్చిండ్రు. నా పేరు రాసి, దాని కింద 'అమెరికా తొలినాటి వెండి నాణేలు' అని బోర్డు పెడుతరట. లూము కార్మికుని పేరు అసుంటి బోర్డు మీద ఎన్నడన్న చూసినవా? ఇరవై రెండేండ్లు తిరిగి నాలుగు సంపాదించిన. మన సూరత్ టంకశాలల కొట్టిన మొగలాయి రూపాయలు ఇచ్చి మార్చుకున్నవే అన్ని. ఐదు సెంట్ల అర్ధ డైముకు తూటు పడ్డది, పది సెంట్ల డైము వంగింది, పావు డాలర్ మొఖం అరిగింది, అర్ధ డాలర్ ఒక్కటి మంచిగున్నది. పెట్టెల ఐదో గుంట ఖాళీ. అందుల డాలర్ ఉండాలె. ఆ పాత డాలర్లను వాళ్లు మొదట పదేండ్లు కొట్టి, తర్వాత చాన్నాళ్లు బంద్ పెట్టిండ్రు. నా అసుంటోనికి దొరికే వస్తువు కాదు.

అది నీ దేవుని గూట్ల ఉన్నదని నా అనుమానం. అమ్మ నీకు ఇచ్చిపోయిన ఎల్లమ్మ బిళ్లనే.

ఉత్తరం చింపకు, మొత్తం చదువు. బిళ్ల ఇచ్చెయ్యమంటలేను. మొదలు అది అసలుదో నకిలీదో తెలువాలె. వీటికి నకిలీలు మస్తుగున్నయి, మొఖం చూసి చెప్పలేము. అంచు చూడాలె. అంచు మీద అక్షరాలు ఉన్నయా లేవా, వెలుతురుల చూసి రాయి. ఉంటే మేళా రెండు దినాలు నా గుంటల కూసోబెట్టి, మూడో దినం నీకు పంపిస్త.

నీ తమ్ముడు
రాజం


కామ్‌రేజ్
17-9-2024

తమ్మీ రాజం,

నీ ఉత్తరం ఎనిమిది దినాలకు అందింది. నువ్వు నడుచుకుంట తెచ్చినా పొద్దుగూకే వరకు వచ్చునేమో.

మూడేండ్ల సంది గడప తొక్కలేదని రాసినవ్. ఎందుకు తొక్కలేదో రాయలే. నేను రాస్త. అమ్మ దినాల నాడు ఇంటి నిండ చుట్టాలు. నర్సవ్వ చిన్నమ్మ ఏడుస్తున్నది. నువ్వు జేబులకెళ్లి చిన్న తరాజు తీసినవ్. గూట్ల ఉన్న ఎల్లమ్మను తెచ్చి దాంట్ల పెట్టినవ్. అమ్మోరిని తూకం ఏసినోన్ని నేను ఇంత బతుకుల ఎక్కడ చూడలే. ఏసి ఊకున్నవా? "చుట్టు వెండి కట్టుతోని ముప్పై ఒక్క గ్రాము, కట్టు ఎంతనో తెలుస్తలేదు" అని అందరి ముంగట మొఖం మాడ్చినవ్. ఆ దినమే నేను ఒట్టు పెట్టుకున్న. మీ బావ "పోనీ" అన్నడు. నేను పోనియ్య.

అయినా నువ్వు చెవుడు మనిషివి, ఒక్కటి అడిగితివి. అందుకని చూసిన. ఎల్లమ్మను చుట్టిపెట్టిన అమ్మ ఎర్రచీర ముక్కను మొత్తం విప్పి, బాల్కనీల ఎండకు పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొసకు చూసిన. అంచు మీద మామిడి పిందెలున్నయి, నడుమ జరీ గీత ఉన్నది. అక్షరాలు లేవు. అమ్మ చీర అంచుకు అక్షరాలు ఎందుకుంటయ్‌రా? చీర నకిలీది అంటే మాత్రం మర్యాద దక్కదు. అది మీ బావ చేతుల మీద నేసింది.

ఎల్లమ్మ నీ టేబుల్ మీద కూసోదు. నలుగురు వచ్చి ముట్టి చూసుటానికి ఆమె దుకాణంల సామాను కాదు.

అక్క
కనకవ్వ


పర్వత్ పాటియా
26-9-2024

అక్కా,

నీ ఉత్తరం నీరజకు చూపిస్తే ఆమె నవ్వి నవ్వి చాయ పొంగబెట్టింది. నాకు నవ్వు రాలేదు. తల కొట్టుకున్న.

చీర అంచు కాదు తల్లీ. బిళ్ల అంచు. బిళ్లకు కూడ అంచు ఉంటది. గుజరాతీల కోర్ అంటరు చూడు, అది. కోర్ చూసి రాయి.

తరాజు సంగతి. తప్పే, ఒప్పుకుంటున్న. ఆ దినం అది చెయ్యరాకుండె. కాని ఎందుకు చేసిన్నో నువ్వు అడగలే, నేను చెప్పలే. ఇప్పుడు చెప్త. చిన్నప్పుడు ఎల్లమ్మ నెత్తి మీద అక్షరాలు ఏందని నేను అడిగితే, అవి దేవతల భాష అని అమ్మ చెప్పింది. నేను తొమ్మిదో తరగతిల ఆ భాష చదివిన. 'లిబర్టీ' అని ఉన్నది. అమ్మకు చెప్పలే. చెప్తే ఆమె మొఖం ఎట్లయితదో అని భయమైంది. ఇరవై రెండేండ్ల కింద ఖటోదరాల రద్దీ కాగితాల దుకాణంల ఒక ఇంగ్లీషు పుస్తకంల బొమ్మ కనబడ్డది. ఇరబోసిన జుట్టు, చుట్టు చుక్కలు, భుజాల మీద చీర మడత. మన ఎల్లమ్మనే. కింద అమెరికా డాలర్ అని రాసి ఉన్నది. మన తాత ఏ బొంబాయి మిల్లులకెళ్లి తెచ్చిండో, ఎవరు ఇచ్చిండ్రో ఎవరికి ఎరుక?

ఆ దినం నుంచే నాకు ఈ పిచ్చి. పెట్టెల ఉన్న నాలుగు బిళ్లలు ఎల్లమ్మ చెల్లెండ్లు అనుకో. అక్కను తేకుండ చెల్లెండ్లను కూసోబెట్టుకొని నేను ఇన్నేండ్లు చూస్తున్న. అది నకిలీదైతే ఇదంత ఉత్తదే. అమ్మ మొక్కింది ఉత్తదే, నేను తిరిగింది ఉత్తదే. నాకు తెలువాలె అక్కా. జర ఓపిక పట్టి చూడు.

రాజం


కామ్‌రేజ్
14-10-2024

రాజం,

బతుకమ్మ, దసరా రెండు అయిపోయినయి. జమ్మి ఆకు కవర్ల పెట్టి పంపుతున్న, తీసుకో. మాట్లాడకున్నా జమ్మి పెట్టుకోవాలె గద.

నువ్వు కోర అన్నవ్ గద, మీ బావ బజారుల తిరిగి ఒక మీటరు కోరా బట్ట తెచ్చిండు. ఉతకనిది, గంజి వాసనది. ఎల్లమ్మను దాని మీద పెట్టిన. పక్కింటి విజయశ్రీ ఫోటో తీసి మీ నీరజ ఫోనుకు పంపింది. కోరా కోరా అని ఎందుకు ప్రాణం తీసినవో నాకైతే సమజ్ కాలే. అమ్మ చీర మీద ఉన్నామెను తీసి గంజిబట్ట మీద పండబెట్టుమంటివి.

బిళ్ల అంచు కూడ చూసిన. మొఖం చుట్టు సన్నసన్న పండ్ల లెక్క ఉన్నయి. వెనుక ఉన్న పాలపిట్ట బొమ్మ చుట్టు కూడ గట్లనే ఉన్నయి. చుక్కలు లెక్కపెట్టిన, పదిహేను. అంచు మీద ఎక్కడ అక్షరాలు లేవు. కింద ఏదో అంకె ఉన్నది, 179 వరకు కనబడుతున్నది, చివరిది లేదు. ఆమె కాళ్లు మొక్కి మొక్కి అమ్మ, అవ్వ, నేను అందరం కలిసి అరగదీసినట్టున్నం.

నువ్వు రాసిన ముచ్చట చదివి రెండు దినాలు నేను గూట్ల దీపం పెట్టలే. చెప్తున్న, దాచుకోను. ఏమని పెట్టాలె? ఇన్నేండ్లు నా బిడ్డకు జ్వరమొస్తే మొక్కింది అమెరికా దొరసానికా? మూడో దినం మళ్ల పెట్టిన. బుక్కెడన్నం పెట్టకుండ ఆమెను గూట్ల కూసోబెట్టుడు నాతోని కాలే. ఇసొంటివి నాకు చెప్పకుండ ఉంటే ఏం పోతుండె నీకు? అమ్మకు చెప్పకపోతివి, మంచిపని చేస్తివి. నాకు మాత్రం ఎందుకు చెప్తివి?

చెప్పినంక ఇగ నాకు కూడ తెలువాలనే ఉన్నది, ఆమె ఎవరో. సరిగ్గ చెప్పు, ఏం చూడాలె?

కనకవ్వ


పర్వత్ పాటియా
25-10-2024

అక్కా,

ఫోటో చూసిన. కోరా బట్ట మంచిగ కనబడుతున్నది. బావకు నా దండాలు చెప్పు.

అమ్మా తల్లీ, నువ్వు చూసింది మొఖం. నేను అడిగింది మొఖం కాదు. ఇగో, సైకిల్ చక్రం అనుకో. చక్రం నేలకు తగిలే జాగ ఉంటది చూడు, టైరు ఉండే జాగ. బిళ్లకు అసుంటి జాగనే, పక్క. దాని మీద అక్షరాలు ఉండాలె. నీకు కనబడదు, ఎందుకంటే అవ్వ కాలంల బిళ్ల చుట్టు వెండి కట్టు ఏయించిండ్రు. పక్క మొత్తం ఆ కట్టు లోపల దాగింది. కట్టు విప్పాలె. విప్పితేనే తెలుస్తది.

కామ్‌రేజ్‌ల ఎవరన్న మంచి కంసాలి, సోనీ దగ్గరికి తీసుకపో. దీపావళి సెలవుల దుకాణాలు బందుంటయి, లాభపంచమి తర్వాత పో. నువ్వు అక్కడనే కూసో, సోనీ చేతికి ఇచ్చి ఇంటికి రాకు. చింతపండు పెట్టొద్దు. బూడిద పెట్టొద్దు. మెరుగు పెట్టొద్దు. కాగబెట్టొద్దు. బ్రష్షు ముట్టొద్దు. అన్నిటికంటె పెద్దమాట, అంచుకు ఆకురాయి తగలొద్దు. మళ్ల రాస్తున్న, కింద గీత కొడుతున్న: అంచుకు ఆకురాయి తగలొద్దు. ఈ ముక్క బావకు వినిపించు.

పక్క మీద అక్షరాలు ఉంటే ఉన్నవి ఉన్నట్టు దించి పంపు. ఏం ఉండాల్నో నాకు తెల్సు కాని చెప్ప. చెప్తే నా మీద జాలితోని నువ్వు అదే రాసి పంపుతవు. నీకు ఇంగ్లీషు రాకపోవుడే ఇప్పుడు నాకు మేలు.

రాజం


కామ్‌రేజ్
14-11-2024

తమ్మీ,

పని అయింది. నువ్వు చెప్పినట్టే అయింది. ఒక్క మాట పొల్లు పోలే. చదువు.

సోమవారం నేను, మీ బావ సోనీ దుకాణానికి పోయినం. కట్టు విప్పుటానికి ఆయనకు అరగంట పట్టింది. ఎల్లమ్మ బయటికి వచ్చింది. కట్టు లేకుండ ఆమెను చూసుడు నాకు అదే మొదలు. స్నానాల గదిలకు తొంగిచూసినట్టయింది. పక్క మీద నువ్వు అన్నట్టే ఏందో ఉన్నది. చుట్టు తిరిగి ఉన్నది. నడుమ నడుమ సన్న పువ్వులు, గళ్లు, చుక్కలు.

నాకు ఆ అక్షరాలు రావు. అయితే ఏంది? పెండ్లికి ముందు నేను ఖటోదరాల జకార్డు మగ్గాల డిజైన్లకు కాగితం మీద గళ్లు నింపలేదా? నాకు రాని పువ్వు ఉన్నదా, రాని నెమలి ఉన్నదా? గళ్ల కాగితం తెప్పించిన. సోనీ అద్దం పట్టుకున్నడు. ఒక్కొక్క గీతను గల్ల గల్ల లెక్కపెట్టి నింపుకుంట వచ్చిన. ఎక్కడ మొదలో నాకు తెల్వదు, ఒక పువ్వు దగ్గర మొదలుపెట్టి మళ్ల ఆ పువ్వు దగ్గరికే వచ్చిన. రెండు గంటలు పట్టింది. నడుము పడిపోయింది. నడుమ ఒక దగ్గర నర్సవ్వ చిన్నమ్మ ఫోన్ చేసింది, గల్ల తప్పినట్టున్న, అది తుడిచి మళ్ల నింపిన. కాగితం పొడుగు పట్టీ లెక్క కత్తిరించి దీంతోని పెట్టిన, చూసుకో.

తర్వాత నేను చాయ తాగుదామని బయటికి వచ్చిన. ఇగ మీ బావ దగ్గరుండి చూసుకున్నడు. పాత కట్టు పగిలింది, కొత్తది చెయ్యాలె అన్నడు సోనీ. పక్క గరుకు గరుకుగ ఉన్నది, కొత్త కట్టు సక్కగ కూసోదు అన్నడట. మీ బావ నీ ఉత్తరం తీసి చదివి వినిపించిండట. "అంచుకు మాత్రం ఆకురాయి తగలొద్దు, పక్క నీ ఇష్టం" అన్నడట. సోనీ మంచి మనిషి. అంచు మీది పండ్లు ఒక్కటి కూడ పోకుండ, పక్క మాత్రం నున్నగ అరగదీసిండు. ఇప్పుడు ఎల్లమ్మ కొత్త కట్టుల ముద్దుగ కూసున్నది. వేలు పెడితే జారుతది.

ఇప్పుడన్న నీ ప్రాణం చల్లబడ్డదా?

అక్క


పర్వత్ పాటియా
23-11-2024

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన దినం నేను ఇల్లు లేచిపోయేటట్టు ఒర్రిన. నీరజ బీపీ చూపించుకోమన్నది. రెండో దినం మీ ఇద్దరిని తిట్టుకుంట నాలుగు పేజీలు రాసిన. రాసి చింపిన. ఇది రెండో ఉత్తరం, ఇది కూడ తిట్టే.

పక్క అరగదీయిస్తరా ఎవరన్న? పక్క చూడుమన్న, పక్క దించుమన్న, పక్క కోసం రెండు నెలల సంది గొంతు చించుకున్న, ఆ పక్కనే ఆకురాయికి ఇస్తిరా? బావకు పక్క ఏందో, అంచు ఏందో తెల్వదా? నలభై ఏండ్లు అంచు నేసిన మనిషి గద ఆయన! నేను అంచు అన్నది దాన్నే. పక్క అన్నది దాన్నే. రెండు ఒక్కటే. నేనే ఒక దగ్గర అట్ల, ఒక దగ్గర ఇట్ల రాసిన. నా చెయ్యి నరకాలె. ఆ గీత కొట్టిన చేతినే నరకాలె.

ఇగ నీ కాగితం సంగతి.

పట్టీని గుండ్రంగ చుట్టి చూసిన. నువ్వు మొదలుపెట్టిన పువ్వు సగంల ఉన్నది, అసలు మొదలు ఇంకో దగ్గర ఉన్నది. అక్కడి నుంచి చదివిన. హండ్రెడ్ సెంట్స్, పువ్వులు, వన్ డాలర్ ఆర్ యూనిట్, మళ్ల పువ్వులు. వంద సెంట్లు, ఒక డాలర్ అని దాని అర్థం. ఒక్క అక్షరం తప్పు లేదు అక్కా. అర్థం తెల్వని మనిషి, ఎవరు చెప్పని మనిషి, గల్ల లెక్కపెట్టి దించిన మాట అది. ఇంతకంటె పెద్ద సాక్ష్యం ఏ పరీక్ష చేసేటోడు నాకు ఇయ్యలేడు. అది అసలుదే. సోమవారం పొద్దుగాల వరకు అసలుదే.

నీకు ఒకటి చెప్పాలె. ఆ కాలం డాలర్ల మొఖం మీద డాలర్ అని ఎక్కడ రాసి ఉండదు. వెనుక పాలపిట్ట దిక్కు కూడ రాసి ఉండదు. దాని విలువ రాసింది ఒక్క ఆ పక్క మీదనే. అది ఇప్పుడు సోనీ దుకాణంల నేల మీద పొడి అయి ఊడ్చుకపోయింది. అంటే ఇగ అది డాలర్ కాదు. ఎల్లమ్మనే. నీకు అనుమానం ఉండె గద, ఎవరికి మొక్కుతున్నవో అని. ఇగ అనుమానం పెట్టుకోకు. దీపం పెట్టుకో.

బిళ్ల నాకు పంపకు. మేళాకు అడగను. నేను ఏడ్చిన మాట నిజమే, నీరజ చూసింది, దాచిపెట్టి లాభం లేదు.

బావకు దండాలు చెప్పకు ఈ నెల.

రాజం


కామ్‌రేజ్
7-1-2025

తమ్మీ రాజం,

శనివారం నేను మేళాకు వచ్చిన. నీ గడప తొక్కనని ఒట్టు గని, మేళా హాలు గడప నీది కాదు గద. మీ బావ రానన్నడు. నువ్వు కొడుతవని ఆయనకు భయం.

హాలు నిండ జనం. నీ బోర్డు దూరం నుంచే కనబడ్డది. లక్ష్మీరాజం అని పెద్దపెద్ద అక్షరాలు. అంగీ ఇస్త్రీ చేసుకొని కూసున్నవ్. నేను నీ ఎనుకకు వచ్చి నిలబడ్డ. "రాజం" అని పిలిచిన. మూడుసార్లు పిలిచిన. మూడోసారి పక్క టేబులాయన తిరిగి చూసిండు, నువ్వు తిరగలే. మళ్ల పిలువకుండ అక్కడనే నిలబడ్డ. నీ చెవులు ఇంత పోయినయని నాకు తెల్వదు. మూడేండ్లు కోపంల పాయె, ఎట్ల తెలుస్తది?

పెట్టెల నాలుగు బిళ్లలున్నయి. ఐదో గుంటల నా గళ్ల కాగితం పట్టీని చుట్టగ చుట్టి పెట్టినవ్. దాని కింద నాకు రాని ఇంగ్లీషుల చిన్న చీటీ. ఒక పెద్దమనిషి వచ్చి ఐదోదాంట్ల నాణెం ఏదని వేలు పెట్టి చూపించిండు. నాణెం మా అక్క ఇంట్ల దేవతయి కూసున్నది, ఇది మా అక్క చేతిరాత అని నువ్వు హిందీల చెప్పినవ్. చెవుడోనివి గద, హాలు మొత్తం వినబడేటట్టు చెప్పినవ్. ఆయన వంగి ఆ కాగితాన్నే చాన సేపు చూసిండు. నేను కొంగు నోట్ల కుక్కుకొని ఎనుకకెనుక నడిచి బస్సెక్కిన.

ఇప్పుడు తిడుత, విను. ఆ పట్టీని తలకిందులు పెట్టినవ్. పువ్వులు కిందికి చూస్తున్నయి. గల్ల నింపినదాన్ని నేను, నాకు తెల్వదా? రెండు దినాలు అంతమంది ముంగట నా డిజైన్‌ను తలకిందులు కూసోబెట్టినవ్. సరిచేసుకో.

ఈ నెల ఇరవై ఒకటిన, మంగళవారం ఎల్లమ్మకు బోనం వండుతున్న. కొత్త కట్టు ఎట్లున్నదో వచ్చి చూసుకో. నా గడప తొక్కొద్దని అన్న మాట వాపస్ తీసుకుంటున్న. మీ బావ నీకు ఇష్టమని ఎండుచేపలు తెస్తడట, గొడవ చెయ్యకు.

తరాజు ఇంట్లనే పెట్టి రా.

నీ అక్క
కనకవ్వ